మైకుగారి లిఫ్టు

ఆ అయిదంతస్తుల భవనంలో ఫోను మర్యాద తెలియనివాళ్ళు ఎంతమంది అంటే, నాలుగో అంతస్తులో ఉండే లిఫ్టు మెకానిక్ లెక్క ప్రకారం పందొమ్మిది మంది. మిగతావాళ్ళ లెక్క ప్రకారం ఒక్కడే. ఆ ఒక్కడూ నాలుగో అంతస్తు లిఫ్టు మెకానిక్.

పాపం, తప్పు పూర్తిగా అతనిదీ కాదు. ఇరవై రెండేళ్ళుగా అతని ఉద్యోగం లిఫ్టు గోతుల్లో. తను అడుగున నిలబడి, ఎక్కడో పైన మోటారు దగ్గరున్న మనిషికి "ఆపు", "వదులు", "ఇంకొంచెం" అని అరవాలి. అవతలివాడికి వినపడకపోతే ప్రాణం మీదికొస్తుంది. అందుకని అతని గొంతు బయల్దేరడమే పదో అంతస్తుకని బయల్దేరుతుంది. ఫోనులో మాట్లాడే మనుషులందరూ కూడా ఏదో ఒక పదో అంతస్తులోనే ఉంటారని అతని నమ్మకం. ఎదురుగా మెకానిక్‌గారూ అని పిలిచేవాళ్ళు వెనకాల మైకుగారు అనేవాళ్ళు. ఆ సంగతి అతనికి తెలియదు. తెలిసినా గౌరవమనే అనుకునేవాడు.

భార్య ఉద్యోగం దీనికి సరిగ్గా తలకిందులు. ఆ భవనంలోనే కింద చెవుల ఆస్పత్రి ఉంది. అందులో గోడలకి మెత్తలు వేసిన చిన్న గది ఒకటి. తలుపు వేశారంటే బయటి చప్పుడు పిసరంత కూడా లోపలికి రాదు. రోగిని అందులో కూచోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, అద్దం ఇవతల నుంచి సన్న సన్న బీప్‌లు వినిపించి, ఎంత సన్నటిది వినగలడో కాగితం మీద గీత గీయడం ఆవిడ పని. పదిహేడేళ్ళుగా అదే పని. ఇంట్లో మాటలు కూడా ఆవిడ కొలిచే వాడేది.

మధ్యాహ్నం భోజనానికి పైకి వచ్చి, "ఇందాక మీ అక్కగారితో మాట్లాడారా, పోట్లాడారా?" అని అడిగేది.

"మాట్లాడాను. ఎందుకూ?"

"ఏం లేదు. లోపలున్న రోగి వినపడిందని చెయ్యెత్తాడు. నేనింకా ఏ మీటా నొక్కలేదు."

"అంటే నీ రోగి చెవులు బాగున్నాయన్నమాట" అనేవాడు మెకానిక్, వైద్యానికి తన వంతు సాయం చేసినట్టు.

అలాంటి ఇంట్లో ఒక ఆదివారం పొద్దున, భార్య బాల్కనీలో బట్టలు మడత పెడుతూ పెడుతూ ఆగిపోయింది. మీకో మాట చెప్పాలంది. ఆవిడ ముఖం చూసి అతను ఫోను పక్కన పెట్టాడు. పెళ్ళయ్యాక అది మూడోసారి.

సంగతి ఇది. రోజూ రోగులు రాకముందు, యంత్రం సరిగా ఉందో లేదో ఆవిడ తన చెవులకే పెట్టుకుని చూడాలి. ఆ పనిలో అది నియమం. పది రోజులుగా ఎడమ చెవిలో సన్నటి బీప్‌లు వినపడటం లేదు. యంత్రం పోయిందనుకుని తీగలు మార్చింది. హెడ్‌ఫోన్లు అటూ ఇటూ తిప్పి పెట్టుకుంది. యంత్రం రాయిలా ఉంది. చెవే బాగా లేదు.

"పదిహేను రోజులాగి ఇంకోసారి పరీక్ష చేసుకుంటానండీ. అప్పుడు మా డాక్టరమ్మకి నేనే చెప్తాను. ఈలోగా ఆవిడ చెవిన పడిందంటే నన్ను ఆ గదిలోంచి తీసేసి టోకెన్ల బల్ల దగ్గర కూచోబెడతారు. ఆ గది లేకపోతే నేనేమైపోతానో నాకే తెలీదు. మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు."

ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి మెకానిక్ ఆవిడ పక్కనే చతికిలబడ్డాడు. ఎవరికీ చెప్పనని ఒట్టేశాడు. ఒట్టు మాత్రం కొంచెం గట్టిగానే వేశాడు. పక్క బాల్కనీలో ఎవరూ లేకపోవడం ఆ కుటుంబం అదృష్టం.

ఆ రోజంతా అతను ఆలోచించాడు. బంగారం లాంటి చెవి ఉన్నట్టుండి ఎందుకు పోతుంది? ఎవడో పాడు చేసి ఉండాలి. సాయంత్రానికి అతనికి సమాధానం దొరికింది. లిఫ్టు వెళ్ళే గొయ్యికీ, ఆవిడ కూచునే గదికీ మధ్య ఒక్క గోడే అడ్డం. లిఫ్టెక్కిన ప్రతివాడూ ఫోను తీసి స్పీకరు పెట్టి లోకమంతా వినేలా మాట్లాడతాడు. పదిహేడేళ్ళు ఆ హోరు పక్కన కూచుంటే చెవి పోక ఏమవుతుంది? ఈ భవనానికి ఫోను మర్యాద నేర్పి తీరాలని అతను నిశ్చయించుకున్నాడు. తన గొంతు గురించి ఆ ఆలోచనలో ఒక్క మూల కూడా చోటు లేదు.

ఉపాయం కూడా అతని వృత్తిలోదే. కొన్ని లిఫ్టుల్లో "రెండో అంతస్తు, తలుపు తెరుచుకుంటోంది" అని చెప్పే పెట్టె ఉంటుంది. అలాంటి పాత పెట్టె ఒకటి అతని సంచిలో పడి ఉంది. దానికి చిన్న మైకు బిగించాడు. లిఫ్టులో ఎవరైనా గట్టిగా మాట్లాడితే పెట్టె ఆ మాటలు దాచుకుంటుంది. తరవాత ఎవరెక్కినా, తలుపు మూసుకోగానే, దాచుకున్న వాటిలోంచి వరసగా ఒక్కో ముక్క తీసి వినిపిస్తుంది. దాచుకునేటప్పుడూ వినిపించేటప్పుడూ పెట్టె మీద చిన్న ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. ఎవరి మాట వాళ్ళకే తిరిగొచ్చి తగిలితే బుద్ధి వస్తుందని అతని అంచనా.

సోమవారం పొద్దున్నే లిఫ్టు కప్పు రేకు విప్పి, పెట్టె లోపల బిగించి, రేకు మూశాడు. అప్పుడే అక్క ఫోను చేసింది.

అక్క వేరే ఊళ్ళో ఉంటుంది. చిన్నప్పటి నుంచి అతను అక్క దగ్గర ఏదీ దాచలేదు. అక్క బయటిమనిషి కాదు కాబట్టి ఒట్టు అక్కడిదాకా వర్తించదని అతను క్షణంలో తేల్చుకున్నాడు. మా ఆవిడకి ఎడమ చెవి వినపడటం లేదక్కా అని మొదలుపెట్టి, డాక్టరమ్మకి తెలిస్తే ఆ గదిలోంచి తీసేస్తారనీ, ఇది మన ఇద్దరి మధ్యే ఉండాలనీ గుసగుసగా చెప్పాడు. మైకుగారి గుసగుస ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. రేకు సందులోంచి ఆకుపచ్చ దీపం వెలిగింది. అతను పైకి చూడలేదు.

అతను ఇంటి దగ్గర లిఫ్టెక్కేవాడు కాదు. పొద్దస్తమానం లిఫ్టులతోనే కాపురం, ఇంటికొచ్చాకైనా కాళ్ళతో నడుస్తానని మెట్ల మీదే వెళ్ళేవాడు. అందుకే తరవాత జరిగినవన్నీ అతనికి మెట్ల మీదే తెలిశాయి.

మొదట దొరికింది మూడో అంతస్తు మాస్టారు. ఉద్యోగంలోంచి దిగి తొమ్మిదేళ్ళయినా ఇంకా క్లాసులో ఉన్నట్టే మాట్లాడతాడు. సోమవారం లిఫ్టులో స్పీకరు పెట్టి తమ్ముడితో తన అల్లుడి తెలివితేటల గురించి విపులంగా చర్చించాడు. మంగళవారం ఆ అల్లుడితోనే లిఫ్టెక్కాడు. తలుపు మూసుకుంది. పై నుంచి మాస్టారి గొంతు వచ్చింది. మాస్టారి నోరు మాత్రం మూసే ఉంది. మూడో అంతస్తు వచ్చేసరికి అల్లుడు తన తెలివితేటల గురించి తెలుసుకోవలసిందంతా తెలుసుకున్నాడు.

రెండోది రెండో అంతస్తు ఆవిడ. ఫోనులో ఎవరేం చెప్పినా సరే సరే అనడం ఆవిడ అలవాటు, అందుకని అందరూ సరేసరేగారు అంటారు. ఒంటరిగా లిఫ్టెక్కిన సరేసరేగారికి నెత్తి మీద నుంచి తన గొంతే సరే అంది. ఆవిడ అలవాటుకొద్దీ సరే అంది. పైన మళ్ళీ సరే అంది. ఆవిడ చేతిసంచి అక్కడే వదిలేసి, మెట్లెక్కి ఇంటికి వెళ్ళి పడుకుంది.

బుధవారానికి భవనమంతా ఒకే మాట. లిఫ్టులో ఎవరో ఉన్నారు. మన మాటలు దాచుకుంటున్నారు.

ఆ మాట చెప్పుకోవడం కూడా సైగలతోనే. గేటు లోపలికి రాగానే జనం ఫోన్లు ఆపేసి సంచుల అడుగున పెట్టుకునేవారు. మెట్ల మీద ఎదురైతే తల పంకించి పక్కకి తప్పుకునేవారు. తలుపులు చప్పుడు కాకుండా వేసుకునేవారు. పిల్లలు కూడా మునివేళ్ళ మీద నడిచేవారు. అయిదంతస్తుల్లో ఇన్ని కాపురాలుండగా పట్టపగలు ఒక్క గొంతు వినపడదు. లిఫ్టు మాత్రం ఎవరూ పిలవకపోయినా అప్పుడప్పుడూ తనంతట తనే కిందికి దిగి, తలుపు తెరిచి, కాసేపు ఉండి, మళ్ళీ మూసుకునేది. అది ప్రతి లిఫ్టూ చేసే పనే. మెకానిక్‌కి అది బాగా తెలుసు. అయినా ఆ నిశ్శబ్దంలో, ఎవరూ లేని లిఫ్టు తలుపు తెరుచుకోవడం చూస్తే అతనికే వీపు మీద ఏదో పాకినట్టుండేది.

కానీ లోపల గర్వంగా ఉంది. పందొమ్మిది మందికి మూడు రోజుల్లో మర్యాద వచ్చింది. భార్య చెవికి విశ్రాంతి దొరికింది. ఆ ఆనందం పట్టలేక అక్కకి ఫోను చేసి భవనమంతా ఎంత నిశ్శబ్దంగా ఉందో తలుపు దగ్గర నిలబడి అరగంట చెప్పాడు.

శుక్రవారం సాయంత్రం అతను మొదటిసారి ఒకటి గమనించాడు. గేటు దగ్గర భార్య నిలబడి ఉంది. ఎడమ వైపు నుంచి వస్తున్న మాస్టారు, మధ్యలో ఆగి, చుట్టూ తిరిగి కుడి వైపుకి వచ్చి ఆవిడని పలకరించాడు. ఏదో కాలు జారకుండా తిరిగాడులే అనుకున్నాడు మెకానిక్. కాసేపటికి సరేసరేగారు సంచితో వచ్చింది. ఆవిడా ఆగింది. ఆవిడా చుట్టూ తిరిగింది. అయిదో అంతస్తు పిల్లలిద్దరు పరుగెత్తుకొచ్చి, ఎవరో గీత గీసినట్టు ఆవిడ ఎడమ భుజం దగ్గర టక్కున ఆగి, కుడి వైపుకి వెళ్ళి మాట్లాడారు.

ఎవరూ ఎవరికీ సైగ చెయ్యలేదు. ఎవరూ నవ్వలేదు. భార్య కూడా అదేమీ వింత కానట్టు అందరికీ జవాబు చెప్పింది.

మెకానిక్ పైకి వెళ్ళి అక్కకి ఫోను చేశాడు. నువ్వు ఎవరికైనా చెప్పావా అని నిలదీశాడు. అక్క తాపీగా, తను ఎవరికీ చెప్పలేదనీ, అయితే ఆ రోజు తను బస్సులో ఉందనీ, ఫోను చెవికి జానెడు దూరంలో పట్టుకుంటే గానీ తమ్ముడి గుసగుస భరించలేకపోయిందనీ, దిగేటప్పుడు కండక్టరు "మీ మరదలుగారి చెవి ఎలా ఉందమ్మా" అని అడిగాడనీ చెప్పింది.

"మరి ఇక్కడివాళ్ళకి ఎలా తెలిసిందక్కా?"

"నువ్వెక్కడ నిలబడి చెప్పావురా?"

మెకానిక్ నోట మాట రాలేదు. అది కూడా భవనంలో మొదటిసారే.

శనివారం మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు లిఫ్టెక్కాడు. తలుపు మూసుకుంది. కాసేపు ఫ్యాను చప్పుడు. తరవాత పై నుంచి ఒక మగగొంతు విరుచుకుపడింది. "మా ఆవిడకి ఎడమ చెవి వినపడటం లేదక్కా." ఎవరో పెద్దమనిషి తన భార్యని పట్టుకుని వీధిలో అలా చాటింపు వేస్తున్నట్టుంది. ఎవడు వీడు, సిగ్గు లేదా అని అతనికి కోపం కూడా వచ్చింది. అది తన గొంతని గుర్తు పట్టడానికి ఒక అంతస్తు పట్టింది. ఆ తరవాత మూడంతస్తులూ అతను గోడకి అంటుకుని నిలబడి విన్నాడు. ఇది మన ఇద్దరి మధ్యే ఉండాలన్న ముక్క దగ్గర తలుపు తెరుచుకుంది.

రేకు విప్పి చూశాడు. పెట్టెలో నలభై ఒక్క ముక్కలున్నాయి. వాటిలో మాస్టారివి అయిదు, సరేసరేగారివి మూడు. మిగతా ముప్ఫై మూడూ తనవే. మొదటి ఒక్కటీ తప్ప అన్నీ లిఫ్టెక్కకుండానే, ఇంట్లో తలుపు దగ్గర నిలబడి మాట్లాడినవి, నాలుగో అంతస్తు మీదుగా పోతున్న లిఫ్టులోకి నడిచి వచ్చాయి. అన్నీ చెరిపేశాడు. పెట్టె కూడా ఊడబీకేవాడే, ఇంతలో కింద ఎవరో మీట నొక్కారు. గబగబా రేకు మూసి దిగిపోయాడు.

భార్యకి చెప్పేద్దామని రెండుసార్లు వంటింటి దాకా వెళ్ళాడు. రెండుసార్లూ మంచినీళ్ళు తాగి వచ్చాడు. డాక్టరమ్మ కూడా రోజూ అదే లిఫ్టులో అయిదో అంతస్తుకి వెళ్తుంది. అక్కడే ఆవిడ ఇల్లు. ఆవిడ విని ఉంటుందా? వినే ఉంటే భార్యని ఇంకా ఎందుకు తియ్యలేదు? పరీక్ష రోజు దాకా ఆగారా? పదిహేడేళ్ళ ఉద్యోగం తన నోటి వల్ల పోతే, ఆవిడ ముందు ఇక ఏ ముఖం పెట్టుకుని కూచోవాలి? అన్నిటికంటే, ఆవిడ ఇక తనకి ఏ మాటా చెప్పదన్న భయం అతన్ని తినేసింది.

పెట్టె నిజంగా ఖాళీ అయిందో లేదో చూద్దామని ఆదివారం నుంచి రోజూ లిఫ్టెక్కాడు. ఏమీ వినపడలేదు. ఫ్యాను తిరుగుతోంది, అంతే. హమ్మయ్య అనుకున్నాడు. ఆ హమ్మయ్య ఒక్క పూట కూడా నిలవలేదు.

మాస్టారు అతనితో పాటు ఎక్కాడు. తలుపు మూసుకుంది. మాస్టారు మెల్లగా తల ఎత్తి కప్పు వైపు చూశాడు. ఒక అంతస్తంతా అలాగే చూశాడు. తరవాత తల దించి మెకానిక్ ముఖంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఆస్పత్రి మంచం పక్కన నిలబడ్డవాళ్ళు చూసే చూపు అది.

"ఏమైనా వినపడిందా మాస్టారూ?"

"లేదే. మీకేమైనా వినపడిందా?" అన్నాడు మాస్టారు, చాలా ఆసక్తిగా.

సోమవారం సరేసరేగారు ఎక్కింది. ఆవిడా కప్పు వైపు చూసింది, మెల్లగా తల ఊపింది, అతన్ని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మంగళవారం అయిదో అంతస్తు పిల్లలు. ఇద్దరూ ఒకేసారి తలెత్తారు, ఒకేసారి దించారు, అతని వైపు ఒకేసారి తిరిగారు. గురువారం అతను లోపలుండగా, బయట మెట్ల మీద పోతున్నవాళ్ళు కూడా ఆగి లిఫ్టు వైపు చూడటం సందులోంచి కనిపించింది. అందరికీ ఏదో వినపడుతోంది. తనకి తప్ప.

భవనంలో గొంతులు ఎలాగూ లేవు. ఇప్పుడు తను ఎదురైతే మనుషులు నడక కూడా ఆపి, దారిచ్చి, తను దాటేదాకా కదలకుండా నిలబడుతున్నారు. తను చచ్చిపోయానేమో, అందరికీ తెలిసి తనకే చెప్పడం లేదేమోనని కూడా శుక్రవారం ఒక ఆలోచన వచ్చింది. గిల్లుకుని చూసుకున్నాడు. నొప్పి పుట్టింది గానీ ధైర్యం రాలేదు.

శనివారం పదకొండు గంటలకి తాడోపేడో తేల్చుకుందామని స్టూలు వేసుకుని లిఫ్టెక్కి, రేకు విప్పాడు. కాలితో తలుపు మీట నొక్కాడు. తలుపు మూసుకుంది.

పెట్టె మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. తను స్వయంగా ఖాళీ చేసిన పెట్టె. అందులో ఒకే ఒక ముక్క ఉన్నట్టు అంకె కనిపిస్తోంది. దీపం వెలుగుతోందంటే పెట్టె మాట్లాడుతోందన్నమాట. అతను చెవి దగ్గరగా పెట్టాడు. ఏమీ లేదు. స్పీకరు మీద వేలు పెట్టాడు.

వేలి కింద స్పీకరు అదురుతోంది. ఆగి ఆగి, మాటల్లాగా అదురుతోంది.

మెకానిక్ స్టూలు మీద నుంచి దిగడం గుర్తు లేదు. లిఫ్టు ఆగడం, పరుగెత్తడం గుర్తు లేదు. గుర్తొచ్చేసరికి చెవుల ఆస్పత్రి మధ్యలో, టోకెన్లు పట్టుకు కూచున్న పది మంది రోగుల ముందు నిలబడి ఉన్నాడు. ఎదురుగా డాక్టరమ్మ, పక్కన తన భార్య.

"తప్పు నాదండీ. ఒట్టేసి తప్పాను. లిఫ్టులో పెట్టె పెట్టింది నేనే. మా ఆవిడ చెవి సంగతి బయటపెట్టింది నేనే. దానికి శిక్ష నాకు పడుతోంది, లిఫ్టు నాతో మాట్లాడటం మానేసింది. ఆవిణ్ణి మాత్రం ఆ గదిలోంచి తియ్యకండి, మీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాడు. చెవులు వినపడవని వచ్చిన ఆ పది మంది రోగులకీ ప్రతి అక్షరం వినపడింది.

డాక్టరమ్మ పెద్దావిడ. తొందర తెలియని మనిషి. ఇక్కడ వద్దు, లోపల కూచుని మాట్లాడుకుందాం రండంది. అతను కళ్ళు తుడుచుకుంటూ ఆవిడ చూపించిన గదిలోకి వెళ్ళి కూచున్నాడు. గోడలకి మెత్తలున్నాయి. భార్య వచ్చి, అతని తలకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చి, చప్పుడు వినపడగానే నొక్కమని చెప్పి, బరువైన తలుపు వేసి వెళ్ళిపోయింది.

ఇంత నిశ్శబ్దం అతను పుట్టి ఎరగడు. మోటారు లేదు, ఫ్యాను లేదు, వీధి లేదు. తన గుండె తనకి వినపడుతోంది. అద్దం అవతల భార్య యంత్రం మీద ఏదో తిప్పుతోంది, అతని వైపు చూస్తోంది, మళ్ళీ తిప్పుతోంది. డాక్టరమ్మ ఆవిడ భుజం మీదుగా కాగితం చూస్తోంది. వాళ్ళ పెదాలు కదులుతున్నాయి. తనని మర్చిపోయారనుకున్నాడు. చెయ్యి ఊపాడు. వాళ్ళు ఊపలేదు. ఎంతసేపో అయ్యాక చెవిలో ఒక పెద్ద బీప్ మోగింది. ఉలిక్కిపడి మీట నొక్కాడు. ఇంకో నాలుగైదు మోగాయి. తలుపు తెరుచుకుంది.

"ఇప్పుడు మొదలుపెట్టారా?" అన్నాడు.

"అయిపోయింది" అంది భార్య.

చేతిలో కాగితం చూపించింది. దాని మీద గీత మొదట్లో కొంచెం బాగానే నడిచి, సగం దూరం వెళ్ళాక గోతిలో పడినట్టు కిందికి దిగిపోయింది. ఇరవై రెండేళ్ళు మోటార్ల కింద నిలబడితే ఇంతేననీ, మోటు చప్పుళ్ళు వినపడతాయి గానీ సన్నటి గొంతులు మనిషి ఎదురుగా ఉంటే తప్ప అందవనీ చెప్పింది డాక్టరమ్మ. అతను గట్టిగా మాట్లాడేది అవతలివాళ్ళ కోసం కాదట. తనకి తను వినపడక.

"నా సంగతి సరేనండీ. ఆవిణ్ణి తీసేస్తారా?"

"ఎందుకు తియ్యాలి? ఆ గదిలో వినవలసింది రోగి. ఈవిడ కాదు. పొద్దున యంత్రం సరిచూసే పని ఇంకొకరు చేస్తారు" అంది డాక్టరమ్మ, అదేదో ఎప్పుడో అయిపోయిన మాటలాగా.

నిజంగా ఎప్పుడో అయిపోయిందే. మొదటి బుధవారం నాడే డాక్టరమ్మా, తన భార్యా కలిసి లిఫ్టెక్కారు. తలుపు మూసుకుంది. లిఫ్టు అంతా చెప్పేసింది.

"డాక్టరమ్మ పక్కన నిలబడి, నేను మీకు చెప్పుకున్న మాట, మీ గొంతుతో లిఫ్టులో విన్నానండీ" అంది భార్య. ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. "తలుపు తెరుచుకునేలోగా నేనే ఆవిడకి అంతా చెప్పాను. తరవాత మందుల గదిలోకి వెళ్ళి ఏడ్చాను. చెవికి కాదు. మీ మీద కోపంతో."

మెకానిక్ తల వంచుకున్నాడు.

అంతకుముందు శనివారం అతను పెట్టె ఖాళీ చేశాక, ఆవిడ అతని సంచిలోంచే స్క్రూడ్రైవరు తీసుకుని, మాస్టారు స్టూలు పట్టుకుంటే ఎక్కి, తన మాటలు నాలుగు ఒకే ముక్కగా అందులో పెట్టింది. మొదటి రోజు మెల్లగా. రోజుకో మెట్టు చప్పుడు పెంచింది. ఏ రోజుకి మీకు వినపడుతుందోనని భవనమంతా ఎదురు చూసిందంది. గురువారానికి మెట్ల మీదికి కూడా వినపడింది. ఇవాళ పొద్దున గేటు దగ్గర నిలబడ్డవాళ్ళకి వినపడింది.

"చెవులు చూపించుకోమని అడిగితే మీరు వచ్చేవారా?"

"రాను" అన్నాడు నిజాయితీగా.

చెవి మిషను సోమవారం సాయంత్రం తగిలించారు. ఆ పొద్దున్నే భార్య తన రెండో పరీక్ష కూడా చేసుకుంది. ఇద్దరూ పని ముగించుకుని లిఫ్టెక్కారు. తలుపు మూసుకుంటే తలుపు చప్పుడు చేస్తుందని అతనికి అప్పుడే తెలిసింది. తాళ్ళు సన్నగా మూలిగాయి. పై నుంచి అతని భార్య గొంతు, నింపాదిగా వచ్చింది.

"నమస్కారం. ఈ మాటలు మా ఆయనకి వినపడవు. మీకు వినపడితే ఒకసారి పైకి చూడండి, చాలు. ఆయన పైకి చూసిన రోజు నాకు కబురు చెయ్యండి. ఫోన్లు సంచిలో పెట్టుకున్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు."

మెకానిక్ పైకి చూశాడు. చాలాసేపు చూశాడు. సిగ్గుతో మెడ దించడానికి కూడా కుదరలేదు.

భార్య దగ్గరికి జరిగింది. ఇదివరకైతే ఎదురుగా నిలబడి, గట్టిగా చెప్పేది. ఇప్పుడు అతని భుజం పక్కన, ముఖం ఇటు తిప్పకుండా, పెదాలు కదిలీ కదలనంత మెల్లగా తన పరీక్ష సంగతి చెప్పింది. చెవి ఏమైందో, ఇక ముందు ఏమవుతుందో చెప్పింది. ఆవిడ తనకి మళ్ళీ ఒక మాట చెప్పింది. అతనికి ప్రతి ముక్కా వినపడింది. ఏడుపొచ్చింది. ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

అంతలో జేబులో ఫోను మోగింది. అక్క. ఇవాళే కదరా పరీక్ష, మరదలి చెవి ఏమైందని ఆత్రంగా అడిగింది. మిషను పెట్టుకున్న చెవిలో తన గొంతే తనకి ఉరుములా వినపడుతుంటే, మెకానిక్ హడలిపోయి, అంతకంత తగ్గించి, గాలి ఊదినంత మెల్లగా మాట్లాడాడు.

"అది ఆవిణ్ణే అడగాలక్కా. నేను చెప్పకూడదు."

అవతల నుంచి అక్క గొంతు, కొంచెం భయంగా, కొంచెం మర్యాదగా వచ్చింది.

"ఎవరండీ మీరు? మా తమ్ముడి ఫోను మీ దగ్గర ఎందుకుంది? వాడికేమైంది?"

అతను ఫోను భార్య చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని కుడి చెవికి పెట్టుకుని, "ఆయనే వదినా, నమ్మండి" అని ఎంత చెప్పినా అక్క నమ్మలేదు.